కనీసం మూడు లోపాలు

ఆ రోజుకు ఫణీంద్ర వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడున్నరకు ఏలూరులో బస్సెక్కడం, తొమ్మిదికల్లా కైకలూరులో దిగడం, అక్కడి యువజన శిక్షణ కేంద్రంలో మూడు లోపాలు కనిపెట్టడం, సాయంత్రానికల్లా ఇంటికొచ్చి వాటిని ఇంగ్లీషులో టైపు చేయడం. మూడంటే మూడే. నాలుగోది దొరికినా ఆయనకు అభ్యంతరం లేదు.

ఆ మూడింటి మీద కెన్యా ఆధారపడి ఉంది. అక్కడ ఒక పెద్ద సరస్సు ఒడ్డున కుర్రాళ్లకు చేపల పెంపకం నేర్పే కార్యక్రమాలు నడుస్తున్నాయి. అవి ఎంతవరకు పనిచేస్తున్నాయో ఆరు నెలలు అక్కడే ఉండి అంచనా వేయడానికి జీతం లేని వలంటీర్లు కావాలని ఒక విదేశీ సంస్థ ప్రకటించింది. అరవై ఒక్క ఏళ్ల రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్ ఫణీంద్ర దరఖాస్తు పెట్టాడు. రెండు మెట్లు దాటాడు. ఇది మూడోది, ఆఖరుది. 'మీ దగ్గరలోని ఒక యువజన కార్యక్రమాన్ని ఒక రోజంతా పరిశీలించండి. నిజాయితీగా నివేదిక రాయండి. కనీసం మూడు లోపాలు చూపించండి.'

నిజాయితీగా అన్న మాట దగ్గర ఆయన మూడు రోజులు ఆగిపోయాడు.

తాడేపల్లిగూడెంలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన ఫణీంద్ర, ప్రతి ఫిబ్రవరిలోనూ అత్తిలి, పెంటపాడు, కైకలూరు వైపు కాలేజీలకు ప్రాక్టికల్ పరీక్షల ఎక్స్‌టర్నల్‌గా వెళ్లేవాడు. వెళ్లిన ప్రతిచోటా అందరికీ ముప్పైకి ముప్పై వేసేవాడు. లోలకం ఊగినా ముప్పయ్యే, ఊగకపోయినా ముప్పయ్యే. మధ్యాహ్నం ఆ కాలేజీవాళ్లు భోజనం పెట్టేవారు. ఆ భోజనానికీ ఆ మార్కులకీ ఏ సంబంధమూ లేదని ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు. ఎవరూ ఎదురడగలేదు కనుక ఆ నమ్మకం రిటైరయ్యే దాకా చెక్కుచెదరలేదు. రిటైరయ్యాక, పనిలేని మధ్యాహ్నాల్లో, ఒక అనుమానం వచ్చి పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. అంతమంది పిల్లల్లో ఒక్కణ్ణయినా తను నిజంగా చూశాడా? 'బాగుంది' అన్న మాట తన కళ్ల కంటే ముందే నోట్లోంచి వెళ్లిపోతోందా? కెన్యా ఆయనకు విహారయాత్ర కాదు. తనెవరో ఎవరికీ తెలియని చోట, ఎవరి మొహమాటమూ లేని చోట, ఒక్కసారి చూసింది చూసినట్టు చెప్పి చచ్చిపోవాలని ఆయన కోరిక. చచ్చిపోవడం గురించి మాత్రం ఆయన భార్యతో అనలేదు.

"లోపాలు చెప్పేది మీరా?" అంది సుగుణ, పెరుగన్నం డబ్బాకు మూత నొక్కుతూ. "మొన్న పప్పులో ఉప్పెయ్యడం మర్చిపోతే మారు వడ్డించుకున్నారు కదండీ."

"నిన్ను నొప్పించడం ఎందుకని..."

"మరి కెన్యావాళ్లని నొప్పిస్తారా? అక్కడ ఏ మహాతల్లో ఎదురొచ్చి కాఫీ ఇచ్చిందంటే చాలు, అయిపోయె మీ నివేదిక."

"అందుకేగా ఈ డబ్బా. కైకలూరులో మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టను."

"ఇంతకీ ఆ కేంద్రం దేవరాజు గారికి ఏం చెప్పారు?"

"ఊరికే చూసి పోతాను, ఏమీ చెయ్యొద్దు అన్నాను. ఒకటికి రెండుసార్లు చెప్పాను."

సుగుణ చెయ్యి డబ్బా మీదే ఆగిపోయింది. "ఏమీ చెయ్యొద్దన్నారా?" అంది నెమ్మదిగా. ఆ గొంతులోని జాలిని ఫణీంద్ర గమనించలేదు. బస్సు తొందరలో ఉన్నాడు.

రొయ్యల పెంపకం నేర్పే ఆ శిక్షణ కేంద్రాన్ని నడిపే దేవరాజు ఒకప్పుడు అక్కడి ఒక కాలేజీలో ల్యాబ్ అటెండరు. ప్రతి ఫిబ్రవరిలోనూ ఎక్స్‌టర్నల్ గారి భోజనం ఏర్పాట్లు అతనివే. "ఏమీ వద్దండీ" అన్నారంటే రెండు కూరలు, "అబ్బే, అసలేమీ వద్దండీ" అన్నారంటే చేపల పులుసు కూడా అని అతను నేర్చుకున్నది సాక్షాత్తూ ఫణీంద్ర దగ్గరే. అలాంటి మనిషికి అదే ఫణీంద్ర ఫోన్ చేసి, విదేశాల వాళ్ల తరఫున వస్తున్నానని చెప్పి, "ఏమీ చెయ్యొద్దు దేవరాజూ, నిజంగా చెబుతున్నాను" అన్నాడు. దేవరాజుకు ముచ్చెమటలు పోశాయి. ముప్పై ఏళ్లలో ఆయన నోట 'నిజంగా' అన్న మాట రావడం అదే మొదలు. ఏదో చాలా పెద్దదే చెయ్యాలి.

బస్సు పెదఎడ్లగాడి వంతెన దాటుతుండగా ఫణీంద్ర కిటికీలోంచి కొల్లేటి నీళ్లను చూస్తూ కఠినంగా కనిపించడం సాధన చేశాడు. కనుబొమలు దగ్గరికి తెచ్చాడు. పక్క సీట్లో రొయ్యల మేత బస్తా పెట్టుకున్న మనిషి, "ఎండ పడుతోందాండీ? ఇటు కూర్చోండి" అని సీటు మార్చుకున్నాడు. ఆకాశం అంతా మబ్బుగా ఉంది. "బాగుందండీ" అన్నాడు ఫణీంద్ర, కనుబొమలు వదిలేసి.

కేంద్రం గేటు మీద బ్యానరు కట్టి ఉంది. 'విదేశీ పరిశీలకులు శ్రీ ఫణీంద్ర గారికి సుస్వాగతం.' పక్కన ఆయన ఫొటో ఉంది. ఏదో పాత గ్రూపు ఫొటోలోంచి కత్తిరించింది. భుజం మీద మరెవరిదో చెయ్యి ఉంది.

"దేవరాజూ, ఏమీ చెయ్యొద్దన్నాను కదయ్యా."

"ఏమీ చెయ్యలేదు సార్. మామూలుగానే ఉంది" అన్నాడు దేవరాజు, రెండు చేతుల్తో దండ వేస్తూ. "ఆ డబ్బా ఇలా ఇప్పించండి సార్. ఫ్రిజ్‌లో పెట్టిస్తాను. ఈ ఉక్కకి పెరుగు పులిసిపోద్ది."

ఫణీంద్ర డబ్బా ఇచ్చాడు. అదే ఆయన చేసిన మొదటి పొరపాటు. ఆ డబ్బా మళ్లీ ఆయన కంటపడలేదు.

ఆ బ్యాచ్‌లో శిక్షణ పొందుతున్నవాళ్లు తొమ్మిదిమంది. హాల్లో మాత్రం నలభైమంది ఉన్నారు. విదేశాలవాళ్ల కళ్లకు తొమ్మిది మరీ పల్చగా ఉంటుందని, దేవరాజు ఊళ్లో ఖాళీగా ఉన్నవాళ్లనీ, ఖాళీ చేసుకోగలిగినవాళ్లనీ పోగుచేశాడు. ఫణీంద్ర నోటుబుక్కు తెరిచి, మొదటి వరసలో ఉన్న బలమైన కుర్రాణ్ణి లేపాడు.

"చెరువు నీళ్లలో ఆక్సిజన్ తగ్గిందని ఎలా తెలుసుకుంటావు బాబూ?"

కుర్రాడు తల గోక్కున్నాడు.

"రొయ్యలు పైకి తేలతాయి, కదూ? బాగా చెప్పావు. కూర్చో."

"నేను చెప్పలేదండి" అన్నాడు ఆ కుర్రాడు నిజాయితీగా. "నేను ఐసు ఫ్యాక్టరీలో చేస్తానండి. ఇక్కడ భోజనాలున్నాయంటే వచ్చాను."

దేవరాజు మొహం పాలిపోయింది. ఇది లోపం. నోటుబుక్కు ఒళ్లోనే ఉంది, పెన్ను చేతిలోనే ఉంది. ఫణీంద్ర కుర్రాడి వైపు చూశాడు. కుర్రాడు చాలా మర్యాదగా నవ్వాడు. ఆ నవ్వుకు బదులుగా ఫణీంద్ర కూడా నవ్వాడు. "ఐసు కూడా మంచి పనే" అన్నాడు. పెన్ను జేబులోకి వెళ్లిపోయింది. ఎలా వెళ్లిందో ఆయనకే తెలియదు.

వెనక వరసలో కూర్చున్న ఒక అమ్మాయి మాత్రం నవ్వలేదు. సన్నగా, పొడుగ్గా, జడ గట్టిగా బిగించుకుని ఉంది. పేరు గ్రేస్. వయసు ఇరవై మూడు, తండ్రి చర్చి బడిలో మాస్టారు. నిజమైన తొమ్మిదిమందిలో ఆమే ముందుంటుంది, తక్కిన ఎనిమిదిమందికి అనుమానాలొస్తే ఆమె దగ్గరికే వెళతారు. ఇవేవీ ఫణీంద్రకు తెలియవు. ఆయన ఆమెను అడగలేదు. నవ్వని మనిషిని ప్రశ్న అడగడం ఆయనకు అలవాటు లేదు.

తర్వాత అందరూ కేంద్రం వెనకున్న చెరువు దగ్గరికి వెళ్లారు. రెండు ఏరియేటర్లు తళతళలాడుతూ చక్రాలు తిప్పుతున్నాయి, నీళ్లను చిమ్మి చెరువుకు గాలి అందిస్తున్నాయి.

"దేవరాజు గారూ, ఇవి ఎక్కడివండి?" అంది గ్రేస్. "మనవి చెడిపోయి మూలన..."

"గ్రేస్! సార్‌కి కొబ్బరిబొండం పట్రామ్మా" అన్నాడు దేవరాజు.

"బాగున్నాయి" అన్నాడు ఫణీంద్ర ఏరియేటర్లను చూసి. పైన మబ్బు మరికొంచెం దిగింది.

పన్నెండున్నరకు భోజనం పెట్టారు. ఫణీంద్ర డబ్బా గురించి అడిగాడు. "ఫ్రిజ్ తాళం పట్టుకుని మా ఆవిడ చర్చికి వెళ్లింది సార్, వచ్చేస్తుంది" అన్నాడు దేవరాజు. వచ్చేలోగా రుచి మాత్రం చూడండి అన్నాడు. ఫణీంద్ర రొయ్యల వేపుడు రుచి చూశాడు. కొర్రమేను పులుసు రుచి చూశాడు. గోంగూర రుచి చూడకపోతే వండినావిడ బాధపడుతుందన్నారు. తను తినడం లేదు, రుచి మాత్రమే చూస్తున్నాడు అన్న స్పృహ ఆయనకు గడ్డపెరుగు దాకా ఉంది. ఆ తర్వాత ఆఫీసు గదిలో కూలర్ ముందు మడత మంచం వేసి, "అయిదు నిమిషాలు నడుం వాల్చండి సార్" అన్నారు.

ఫణీంద్ర కెన్యాలో తేలాడు. ఎదురుగా పెద్ద సరస్సు. ఒడ్డున వందలమంది యువకులు కేకలు వేస్తూ పరుగెడుతున్నారు. "పట్టండి! అటు లాగండి! ముందు అది వెయ్యి!" అని అరుస్తున్నారు. వాళ్లకు తెలుగు ఎలా వచ్చిందా అని ఆయన ఆశ్చర్యపోలేదు. ఇంత ఉత్సాహంగా పనిచేసే యువత ఉంటే కార్యక్రమం బాగున్నట్టే అనుకున్నాడు. ఒక సన్నని ఆడగొంతు, "ఆయన్ని లేపుదామండి, చూస్తారు" అంది. మరో గొంతు, "హుష్! పెద్దాయన్ని లేపుతారా ఎవరైనా?" అంది. కలలో ఉన్న ఫణీంద్ర ఆ మర్యాదకు సంతోషించి పక్కకు తిరిగి పడుకున్నాడు.

లేచేసరికి నాలుగైంది. హాల్లో నలభై కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. వెనక్కి వెళ్లి చూస్తే చెరువు మీద ఏరియేటర్లు లేవు, తీసిన చోట నీళ్లు మాత్రం కదులుతున్నాయి. అప్పుడు వచ్చాడు దేవరాజు, మోకాళ్ల దాకా బురదతో, చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయి.

"ఏమైంది దేవరాజూ?"

"ఏమీ లేదు సార్. కాఫీ తాగుతారా?"

ఫణీంద్ర ఒంట్లో ఏదో కొత్త శక్తి లేచింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఆయనకు లోపాలు కనిపించాయి. ఒకటి కాదు, మూడూ ఒకేచోట, వరసగా నిలబడి ఉన్నట్టు కనిపించాయి. ఆయన కాఫీ వద్దన్నాడు. ఆ వద్దనడంలో ఎంత గట్టిదనం ఉందంటే దేవరాజు రెండో రకం బిస్కట్లు కూడా తెప్పించాడు. వెళ్లేముందు ఫణీంద్ర ఫోన్ తీసి, "ఇదిగో, శిక్షణలో ఉన్నవాళ్లు నా గురించి కూడా ఒక ఫారం నింపాలట. లింకు పంపుతున్నా" అన్నాడు. దేవరాజు ఆ లింకును వెంటనే తొమ్మిదిమందికీ పంపి, కింద ఒక మాట రాశాడు: 'అన్నిటికీ అయిదుకి అయిదు నొక్కండి. సార్ మన సార్.'

ఆ సాయంత్రం ఏలూరులో ఫణీంద్ర గది తలుపు వేసుకుని టైపు చేశాడు. ఒకటి: శిక్షణార్థులు భోజనం కాగానే తరగతి వదిలి వెళ్లిపోతారు. రెండు: విలువైన పరికరాలకు భద్రత లేదు, ఉదయం ఉన్నవి సాయంత్రానికి ఉండవు. మూడు: నిర్వాహకుడు బురద బట్టలతో తిరుగుతాడు, వృత్తి మర్యాద లేదు. చివరి వాక్యం దగ్గర ఆగాడు. దేవరాజు మొహం గుర్తొచ్చింది. అయినా చెరిపెయ్యలేదు. పంపేశాడు. తరవాత వంటింట్లోకి వెళ్లి, "పులుసులో చింతపండు ఎక్కువైంది" అన్నాడు.

సుగుణ గరిటె పట్టుకుని అలాగే చూసింది. "ఈ పూట పులుసు చెయ్యలేదండీ. అది సాంబారు" అంది.

"అయినా ఎక్కువైంది" అన్నాడు ఫణీంద్ర. చెప్పలేని ఆనందం కలిగింది.

వారం తర్వాత వీడియో కాల్ వచ్చింది. సంస్థ తరఫున హెలెన్ అనే ఆవిడ మాట్లాడింది. నెరిసిన జుట్టు, శాంతమైన మొహం. ఫణీంద్ర ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. సుగుణ కెమెరాకు కనిపించకుండా తలుపు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.

"మీ నివేదిక చాలా సూటిగా ఉంది" అంది హెలెన్. ఫణీంద్ర తలవంచుకున్నాడు. "మీ గురించి తొమ్మిది ఫారాలు వచ్చాయి. ఎనిమిదింట్లో అన్నిటికీ అయిదుకి అయిదే ఉంది. ఆ ఎనిమిదీ మేము పక్కన పెట్టేశాం. తొమ్మిదోది చదువుతాను, అది నిజమో కాదో మీరే చెప్పాలి."

ఆవిడ చదవడం మొదలుపెట్టింది. అది ఇంగ్లీషే అయినా ఫణీంద్రకు గ్రేస్ గొంతులోనే వినిపించింది.

'సార్ చాలా మంచివారు. ప్రశ్న అడుగుతారు, మేము ఆలోచించేలోగా ఆయనే జవాబు చెప్పి, బాగా చెప్పావని మెచ్చుకుంటారు. హాల్లో ముప్పై ఒక్కమంది మావాళ్లు కాదు. అందులో ఒకరు ఆ మాట ఆయనతోనే చెప్పారు, ఆయన నవ్వారు. మా ఏరియేటర్లు చెడిపోయాయి. సార్‌కి చూపించడానికి పక్క చెరువు పట్టాభిరామయ్య గారివి, ఆయన్ని అడగకుండా తెచ్చారు. మబ్బు పట్టేసరికి మధ్యాహ్నం ఆ చెరువులో గాలి అందక రొయ్యలన్నీ గట్టు వారకు వచ్చేశాయి. పట్టాభిరామయ్య గారు కర్ర పట్టుకుని వచ్చారు. మేము తొమ్మిదిమందిమీ నీళ్లు పరీక్ష చేశాం, ఆక్సిజన్ బిళ్లలు చల్లాం, ఏరియేటర్లు తీసుకెళ్లి బిగించాం. ఐసు ఫ్యాక్టరీ వాళ్లు మోత మోశారు. దేవరాజు గారు కూడా దిగారు. పంట నిలబడింది. ఆయన కర్ర పారేసి మాకు సోడాలు ఇప్పించారు. మా కోర్సులో ఏం నేర్చుకున్నామో ఆ రెండు గంటల్లో తెలిసిపోతుంది. సార్ ఆ సమయంలో నిద్రపోతున్నారు. లేపుదామన్నాను. లేపనివ్వలేదు.'

తలుపు పక్కన సుగుణ కుర్చీ కిర్రుమంది.

ఫణీంద్రకు ముందు కోపం వచ్చింది. తరవాత కలలోని సరస్సు గుర్తొచ్చింది. తెలుగులో అరిచిన కెన్యా యువకులు గుర్తొచ్చారు. వెతకబోయినదంతా రెండు గంటలపాటు తన చెవి పక్కనే జరిగింది. దాన్ని చూడకుండా వదిలేసి, దాని బురదను మూడు లోపాలుగా రాసుకొచ్చాడు.

"ఆ అమ్మాయి బాగా..." అని మొదలుపెట్టి ఆగాడు. నాలిక మీదికి వచ్చిన మాటను కష్టం మీద మింగాడు. "నిజం" అన్నాడు. "అన్నీ నిజమేనండి. నా మూడు లోపాలూ తప్పు. అసలు లోపం ఐసు కుర్రాడు నా మొహం మీదే చెప్పాడు, అది రాయలేదు. నేను చూడలేదు. చూడటానికే వెళ్లి, చూడలేదు."

హెలెన్ ఏదో రాసుకుంది. "ఇంత సరైన అంచనా ఈ సంవత్సరం మాకు రాలేదు" అంది.

ఫణీంద్ర వెన్ను నిటారైంది. తలుపు పక్కన సుగుణ ముందుకు వంగింది.

"అందుకే గ్రేస్ గారి ఫోన్ నంబరు కావాలి" అంది హెలెన్. "కెన్యాకు ఆమెను తీసుకోవాలనుకుంటున్నాం."

మూడు వారాలకు దేవరాజు ఏలూరు వచ్చాడు. ఒక చేతిలో కొర్రమేనుల సంచి, ఒక చేతిలో రిజిస్టరు. సుగుణ పెట్టిన కాఫీ తాగకుండానే కుర్చీ అంచున కూర్చున్నాడు.

"గ్రేస్ వెళ్లిపోతోంది సార్."

"తెలుసు. సంతోషించాలయ్యా."

"సంతోషంగానే ఉంది సార్. కానీ బ్యాచ్‌లో తొమ్మిదిమంది ఉంటేనే కోర్సు నడవనిస్తారు. ఎనిమిదైతే మూసేస్తారు. ఊరంతా తిరిగాను. ఐసు ఫ్యాక్టరీ కుర్రాణ్ణి కూడా అడిగాను. భోజనం రోజూ ఉండదన్నానని రానన్నాడు."

"ఆయన్ని వేసుకోండి" అంది సుగుణ, ఫణీంద్ర వైపు చూపించి.

"అబ్బే, సార్‌ని విద్యార్థిగానా అండి? యువజన శిక్షణ కదండీ..."

"ఆరు నెలలు ఎక్కడికో పోవాలని ఈయన మనసు పడ్డారు. ఎక్కడికో ఒకచోటికి పోనివ్వండి. ఇంట్లో ఉంటే నా వంటకి వంకలు పెడుతున్నారు."

ఫణీంద్ర కిటికీ వైపు తిరిగాడు. మోకాలిలోతు నీళ్లలో తను నిలబడి ఉన్నట్టు, చేతిలో సీసాతో నీళ్ల రంగు చూస్తున్నట్టు ఊహించుకున్నాడు. చూడకుండా బాగుంది అనడానికి అక్కడ వీల్లేదు, రొయ్యలు ఊరుకోవు. "చేరతాను" అన్నాడు. "కాకపోతే ఒక్క మాట దేవరాజూ. నాకు తప్పు వస్తే తప్పు వచ్చిందని చెప్పాలి. మొహమాటపడకూడదు."

"అయ్యో, తప్పకుండా చెబుతాను సార్" అని దేవరాజు రిజిస్టరు తెరిచాడు. పేరు రాశాడు, చదువు రాశాడు, ఊరు రాశాడు. వయసు గడి దగ్గర మాత్రం, మర్యాద కొద్దీ, ఏమీ రాయకుండా వదిలేశాడు.